మేకా? మోర్టారా?

పోయిన నెల ఇదే శీర్షికతో, భూమిలో పేలకుండా మిగిలిపోయిన బాంబుల్ని పరికరాలతో ఎలా వెతుకుతారో రెండు పేజీలు రాశాను. మేకల పెంపకం అనుకుని తెరిచామని ఇద్దరు పాఠకులు ఉత్తరం రాశారు. మేక కాదండీ, మేకు. ఇనప మేకు. కింద ఉన్నది మేకా, మోర్టారు గుండా అన్నది తవ్వకముందే చెప్పడం నేను పదిహేడేళ్లు చేసిన ఉద్యోగం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ చదివి, పెళ్లయ్యాక కొలరాడో వెళ్లి, పాత సైనిక శిక్షణ భూములు సర్వే చేసే ఒక కంపెనీలో డేటా చూసేదాన్ని. బాంబు దగ్గరికెళ్లి దాని సంగతి చూసేది సైన్యంలో ఆ పని చేసొచ్చినవాళ్లు. నేను స్క్రీన్ మీద మచ్చలు చూసి "ఇది తవ్వండి, ఇది వదిలేయండి" అని జాబితా రాసేదాన్ని, అంతే. ఇప్పుడు విశాఖలో మనవడితో ఉంటున్నాను. ఉత్తరాలు చాలా వచ్చాయి, నాకు జవాబు తెలిసినవి తీసుకున్నాను.

మెటల్ డిటెక్టర్ అన్నా, మీరు రాసిన మాగ్నెటోమీటర్ అన్నా ఒకటేనా? రెండూ ఇనుమునే కదా పట్టేది?
— ఇంటర్ విద్యార్థి, తెనాలి

ఒకటి కాదు బాబూ. మాగ్నెటోమీటర్ నోరు మూసుకుని వింటుంది. మెటల్ డిటెక్టర్ కేకేసి, ఎవరైనా పలుకుతారేమో చూస్తుంది.

మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం బలం నలభై వేల నానోటెస్లాలకు కాస్త పైన. నేలలో ఇనప గుండు ఉంటే ఆ క్షేత్రం దాని చుట్టుపక్కల కొంచెం చెదురుతుంది. నలభై వేలల్లో పదో ఇరవయ్యో తేడా. సీజియం ఆవిరితో పనిచేసే మాగ్నెటోమీటరుకు అందులో పదో వంతు, ఇంకా తక్కువ తేడా కూడా తెలుస్తుంది. అయితే అది ఇనుము లాంటి అయస్కాంత లోహాల్నే చూస్తుంది. ఇత్తడి తూటా గొట్టం, అల్యూమినియం ఫ్యూజు (గుండుని పేల్చే ముక్క) దానికి లేనట్టే.

డిటెక్టరు దారి వేరు. తీగచుట్టలోకి కరెంటు పంపి ఠక్కున ఆపేస్తారు. ఆపిన క్షణంలో కింద ఉన్న లోహంలో సుడి ప్రవాహాలు, అంటే గిరగిరా తిరిగే కరెంటు, పుడతాయి. అవి చచ్చిపోతూ చచ్చిపోతూ ఒక సంకేతం వదులుతాయి. గుడి గంట కొట్టి చెయ్యి తీసేస్తే ఎంతసేపు మోగుతుంది? స్టీలు గ్లాసు మీద కొడితే? మందమైన ఉక్కు గంటలాగా చాలాసేపు లాగుతుంది, పల్చటి రేకు టింగుమని ఆగిపోతుంది. చాలాసేపంటే ఇక్కడ మిల్లీసెకన్లు. మేం ఎక్కువగా వాడిన ఈఎం-61 అనే డిటెక్టరు బండి ఆ సంకేతాన్ని నాలుగుసార్లు కొలుస్తుంది. మొదటిసారి 216 మైక్రోసెకన్ల దగ్గర, ఆఖరిసారి 1,266 దగ్గర.

దూరం పెరిగేకొద్దీ రెండూ నీరసపడతాయి, ఒకేలా కాదు. లోతు రెట్టింపయితే మాగ్నెటోమీటరుకు సంకేతం ఎనిమిదో వంతు అవుతుంది. డిటెక్టరుకు అరవై నాలుగో వంతు, ఎందుకంటే కేక వెళ్లేటప్పుడూ తగ్గుతుంది, పలుకు వచ్చేటప్పుడూ తగ్గుతుంది. అందుకే విమానం నుంచి పడి లోతుకెళ్లిన పెద్ద బాంబుకి మాగ్నెటోమీటరు, పైపైన ఉన్న చిన్న గుండ్లకు తీగచుట్ట. గుండు వ్యాసానికి పదకొండు రెట్ల లోతు దాకా ఈఎం-61 పట్టగలదని మాలో ఒక మోటు లెక్క ఉండేది. 37 మిల్లీమీటర్ల గుండయితే నలభై సెంటీమీటర్లు. మూరెడు కూడా కాదు.

ఈ విద్య పాతదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చినప్పుడు ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి యంత్రంతోనే వెళ్లాడు. ఎక్కడ పెట్టినా మోగింది. కారణం, పరుపు కింద ఉక్కు స్ప్రింగులు. నూట నలభై ఏళ్ల తర్వాత మా ఉద్యోగంలో సగం రోజులు ఆ స్ప్రింగులతోనే గడిచాయి.

లోహం ఉందని తెలిశాక తవ్వి చూస్తే సరిపోయేదానికి ఇన్ని లెక్కలెందుకు?
— రిటైర్డ్ జూనియర్ ఇంజినీరు, రాజమండ్రి

తవ్వితే సరిపోతుందండీ. ఏళ్లు పడుతుంది, అంతే.

ఒక పాత ఫిరంగి మైదానంలో ఎకరం నేల ఊహించుకోండి. పేలిన గుండ్ల పెంకులు (మేం ఫ్రాగ్ అనేవాళ్లం), గుర్రపు నాడాలు, ముళ్లతీగ ముక్కలు, సీసా మూతలు, ఎప్పుడో ఊడిపోయిన ట్రాక్టరు బోల్టులు. అన్నీ కలిపి వందలకొద్దీ లోహపు ముక్కలు. అందులో పేలనిది ఒకటుండొచ్చు, లేకపోవచ్చు. కానీ ప్రతి గుంతనీ అక్కడ బాంబే ఉందనుకుని తవ్వాలి. చుట్టుపక్కల జనాన్ని పంపించేయాలి, దారి మూసేయాలి, చివరి జానెడూ చేత్తో గీకుతూ దిగాలి. అంతా అయ్యాక చేతికొచ్చేది నాడా.

పూర్వం పద్ధతి పేరు మాగ్ అండ్ ఫ్లాగ్. ఒకాయన చేతి డిటెక్టరు ఊపుకుంటూ నడుస్తాడు. కూసిన చోటల్లా చిన్న జెండా పాతుతాడు. వెనక ఇంకొకరు తవ్వుకుంటూ వస్తారు. ఆ మైదానం ఆగస్టు పదహారో తారీకు స్కూలు గ్రౌండులా ఉండేది. అమెరికా రక్షణశాఖ సలహా మండలి 2003లో ఇచ్చిన నివేదికలో, చూడాల్సిన భూమి దాదాపు కోటి ఎకరాలుందని, డబ్బులో ఎక్కువ భాగం బాంబుల్లేని గుంతలు తవ్వడానికే పోతోందని రాసింది. పట్టుకోవడం అప్పటికే వచ్చు. "ఇది కాదు" అని చెప్పడమే ఎవరికీ రాదు.

తర్వాత వచ్చిన యంత్రాలు మెటల్‌మ్యాపర్, టెమ్‌ట్యాడ్స్ లాంటివి. వీటిలో ఒక చుట్ట కాదు, బోలెడు చుట్టలు. వస్తువుని పైనుంచీ పక్కలనుంచీ వేర్వేరు దిక్కుల్లో ఊపి, 25 మిల్లీసెకన్ల దాకా వింటాయి. కంప్యూటర్లో మూడు గీతలు వస్తాయి, ఒక్కో దిక్కులో పలుకు తగ్గే తీరు ఒక్కో గీత. గుండు ఆకారం దోసకాయ లాంటిది కదా, పొడుగు ఒక దిక్కు, గుండ్రం రెండు దిక్కులు. కాబట్టి ఒక గీత పైన నిలబడి, మిగతా రెండూ కింద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. చీలిపోయిన పెంకుకి ఏ దిక్కుకా దిక్కే, మూడు గీతలూ మూడు దారులు. మందం తక్కువ కాబట్టి తొందరగా కిందపడిపోతాయి కూడా. రెండు గీతలు కలిసి పడుకుని కనిపిస్తే నా చెయ్యి మౌసు మీద ఆగిపోయేది. ఇప్పటికీ పప్పులో పోపు వేస్తూ ఒక్కోసారి ఆ గీతలు గుర్తుకొస్తాయి.

దీన్ని నమ్మించడానికి చాలా పరీక్షలు పెట్టారు. 2007లో అలబామాలోని క్యాంప్ సైబర్ట్‌లో మొదటిది. అక్కడ వెతకాల్సింది ఒక్క రకమే, 4.2 అంగుళాల మోర్టారు గుండు. పెద్దది, కాబట్టి సులువు. 2010లో నార్త్ కరోలినాలోని క్యాంప్ బట్నర్‌కి వచ్చేసరికి 37 మిల్లీమీటర్ల గుండ్లు. అరచేతిలో పట్టేంత వస్తువు, పెంకులకూ దానికీ సైజులో పెద్ద తేడా లేదు. అక్కడా నెగ్గింది కాబట్టే మాలాంటి వాళ్ల సంతకానికి విలువొచ్చింది.

ఆ సంతకం గురించి ఒకటి చెప్పాలి. మా పని సరిగా ఉందో లేదో చూడటానికి వేరే బృందం మాకు తెలియకుండా మైదానంలో ఇనప ముక్కలు పాతిపెట్టేది. వాటిని సీడ్ అంటారు. చిన్న సీడ్ అంటే అంగుళం లావు, నాలుగంగుళాల పొడుగు పైపు నిప్పల్, ప్లంబింగు షాపులో దొరికేదే. దాన్ని మేం వదిలేశామంటే బాంబుని వదిలేసినట్టే లెక్క. ఒకసారి బండి లాగే కుర్రాడు ఓక్ చెట్టు అడ్డొచ్చి పక్కకు తిరిగాడు. రెండు వరసల మధ్య మీటరున్నర ఖాళీ పడింది. మ్యాపు గీసే సాఫ్ట్‌వేరు ఆ ఖాళీని అటూ ఇటూ ఉన్న అంకెలతో నింపేసి చక్కగా ఆకుపచ్చ రంగు పూసింది. ఆకుపచ్చంటే ఏమీ లేదని. నేను సంతకం పెట్టాను. నిప్పల్ సరిగ్గా ఆ ఆకుపచ్చ కిందే ఉంది.

పని ఆపేశారు. నేను చూసిన గ్రిడ్లన్నీ (మైదానాన్ని విడగొట్టిన గళ్లు) మళ్లీ తెరిచారు. ఆ వారం నాకు అన్నం సయించలేదు. కుర్రాడు చెట్టు సంగతి నోటు పుస్తకంలో రాశాడు పాపం, నేనే చదవలేదు. అప్పట్నుంచి రంగుల మ్యాపు తెరిచేముందు బండి నడిచిన దారి చుక్కలు చూడటం అలవాటయింది. రంగు అబద్ధం చెబుతుంది, చుక్క చెప్పదు.

2017 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకునేటప్పుడు మా గది ఖాళీ చేయించారు. ఆవకాయ జాడీ, పాస్‌పోర్టు పట్టుకుని ఫ్రెండు ఇంటికి పోయాం. జర్మనీ లాంటి దేశంలో డెబ్భై ఏళ్లయినా బాంబులు ముందే ఎందుకు వెతికిపెట్టుకోలేదు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫ్రాంక్‌ఫర్ట్

సెప్టెంబరు 3, ఆదివారం కదూ. కట్టడం పనిలో బయటపడిన బ్రిటిష్ బాంబు, లోపల 1.4 టన్నుల మందు. అరవై వేల మందికి పైగా జనాన్ని కదిలించారు. 2025 జూన్‌లో కొలోన్‌లో మూడు అమెరికన్ బాంబులు దొరికితే ఇరవై వేల మందిని కదిలించారు. వాళ్లు వెతకడంలేదని కాదు తమ్ముడూ. ఊరి కింద వెతకడం వేరు.

ఎత్తునుంచి పడ్డ బాంబు మెత్తటి నేలలో నాలుగైదు మీటర్లు దిగిపోతుంది. దానిమీద కూలిన ఇళ్ల శిథిలం పోసి చదును చేశారు. ఆ శిథిలం నిండా ఇనుమే. పైన పట్టాలు, పైపులు, కాంక్రీటులో చువ్వలు. పైనుంచి మాగ్నెటోమీటరు పెడితే పెళ్లింట్లో బ్యాండుమేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టుంటుంది.

కాబట్టి మొదటి సెన్సరు ఫొటో. దాడి అయ్యాక బ్రిటిష్, అమెరికన్ విమానాలు పైనుంచి తీసుకున్న ఫొటోలున్నాయి. పేలిన బాంబు పెద్ద గొయ్యి చేస్తుంది. పేలనిది చిన్న చుక్క. ఆ చుక్క ఫొటోలో మరకా, బాంబు దూరిన కన్నమా అని భూతద్దంతో చూసే వాళ్ల జీవితం నా జీవితం కంటే కష్టం. అనుమానం వచ్చిన చోట ఒకటిన్నర మీటరు దూరంలో వరసగా బోర్లు వేసి, ప్లాస్టిక్ గొట్టం దించి, అందులోంచి మాగ్నెటోమీటరుని తాడుతో కిందికి వదులుతారు. పైనున్న ఇనుము గోల తగ్గుతుంది, బాంబు దగ్గరవుతుంది.

బెర్లిన్‌కి ఉత్తరాన ఒరానియన్‌బుర్గ్ అని ఒక ఊరుంది. నాకు భయం వేసే ఊరు. 1945 మార్చి 15న అక్కడ వేసిన బాంబుల్లో చాలావాటికి ఆలస్యంగా పేలే రసాయన ఫ్యూజులు. గాజుబుడ్డి పగిలి అసిటోను కారుతుంది, అది సెల్యులాయిడ్ బిళ్లల్ని కరిగిస్తుంది, బిళ్ల కరగ్గానే సూది వదులుకుంటుంది. ఆ ఊరి ఇసక నేలలో బాంబులు వంపు తిరిగి ముక్కు పైకి పెట్టి ఆగాయి. అసిటోను బిళ్లవైపు కాకుండా అవతలికి కారింది. పేలలేదు. కానీ బిళ్ల ఎనభై ఏళ్లుగా తనంతట తనే పెళుసెక్కుతోంది. 2010లో గోటింగెన్‌లో ఇలాంటి ఫ్యూజున్న బాంబే ముగ్గురు నిపుణుల ప్రాణం తీసింది, వాళ్లింకా పని మొదలుపెట్టకముందే. ఆవకాయ వదిలేసినా, ఖాళీ చేయమంటే చేసేయండి.

మా ఊర్ల బోరు పాయింటు చూసేటాయన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తడు. నీళ్లున్న కాడ కాయ లేచి నిలబడ్తది. బాంబులకు అసుంటిది ఏమన్న ఉన్నదా మేడం?
— రైతు, జనగామ

ఉండేదన్నా. పేరు ఏడీఈ-651. పిస్తోలు పిడిలాంటి ప్లాస్టిక్ ముక్కకి ఒక కడ్డీ గుచ్చి ఉంటుంది. బాంబు వైపు తిరిగితే కడ్డీ అటు ఊగుతుందన్నారు. లోపల బ్యాటరీ లేదు, తీగ లేదు, ఏమీ లేదు. ఒక్కొక్కటి వేల డాలర్లకు అమ్మితే ఇరాక్ ప్రభుత్వం కొని బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సిపాయిల చేతికిచ్చింది. కడ్డీ ఊగలేదని వదిలిన బళ్లలో బాంబులు దాటిపోయాయి. అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కి 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది.

కొబ్బరికాయ పట్టుకున్నాయన మోసగాడని నేననను. మనసులో ఇక్కడే అనుకుంటే చెయ్యి మనకు తెలియకుండానే కదులుతుంది. ఒక పని చేయండి. పది బిందెలు బోర్లించి, ఆయన చూడకుండా ఒకదాని కింద నీళ్ల సీసా పెట్టండి. పెట్టినవాళ్లు కూడా అక్కడ ఉండొద్దు. పదిసార్లు చేయించండి. మా నిప్పల్ పరీక్ష కూడా సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే, మేం తప్పితే మా పని ఆగిపోయేది.

రాడార్‌తో చూస్తే ఎక్స్‌రేలాగా భూమిలోది కనబడదా? మాది నల్లరేగడి.
— డిగ్రీ విద్యార్థిని, ఆదిలాబాద్

పొడి ఇసకలో బాగా కనబడుతుందమ్మా. మీ నల్లరేగడిలో, అందులోనూ వాన పడ్డాక, రాడారు తరంగాల్ని బంకమట్టి మూరెడు లోతులోనే మింగేస్తుంది.

మీకు రెండో చిక్కు కూడా ఉంది. ఆ నేల కింద దక్కన్ బసాల్టు రాయి. అది తనే అయస్కాంతం. హవాయిలో కహోలావే అని ఇలాంటి అగ్నిపర్వతపు రాతి ద్వీపం. 1941 నుంచి 1990 దాకా అమెరికా నౌకాదళం దాన్ని బాంబుల గురికి వాడుకుంది. తర్వాత 2004 దాకా శుభ్రం చేశారు, నలభై కోట్ల డాలర్లయింది. పైపైన ముప్పాతిక ద్వీపం అయింది. నాలుగడుగుల లోతు దాకా చూసింది పదో వంతే. అక్కడ చేసొచ్చిన మా సహోద్యోగి చెప్పేవాడు, జెండా పాతిన చోట తవ్వితే రాయి, పక్కన తవ్వితే మళ్లీ రాయి. హాట్ రాక్ అంటారు. ఎర్రమట్టి కూడా తీగచుట్ట కేకకి పలుకుతుంది. కాకపోతే మట్టి పలుకు తగ్గే తీరు ఎప్పుడూ ఒకటే, కాలం రెట్టింపయితే పలుకు సగం. ఉక్కు అలా తగ్గదు. ఆ తేడాతో బయటపడతాం, అదీ గుండు మరీ చిన్నది కాకపోతే.

1942లో విశాఖ మీద బాంబులు పడ్డాయని, ఊరు ఊరంతా పల్లెలకు పరుగెత్తిందని మా నానమ్మ చెప్పేది. పాత ఇల్లు పడగొట్టి పునాది తవ్విస్తున్నాం. ఫోన్‌లో మాగ్నెటోమీటర్ యాప్ వేసుకుని చూస్తే చాలా?
— గృహిణి, విశాఖపట్నం వన్‌టౌన్

మీ నానమ్మ చెప్పింది నిజమే. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాటి బాంబొకటి బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. జర్మనీ ఊళ్ల మీద పడ్డవాటితో పోలిస్తే ఇవి చేతివేళ్ల లెక్క, గురి కూడా రేవు మీద. కాబట్టి నిద్ర మానుకోవాల్సిన పనిలేదు.

ఫోన్‌లో మాగ్నెటోమీటరు నిజంగానే ఉంటుంది, దిక్సూచి కోసం. నేనూ మా మేడ మీద పెట్టి చూశాను. కాంక్రీటులో చువ్వ ఎక్కడుందో చెప్పింది. మీ పునాది కిందది దానికి అందదు. అంతకంటే పొక్లెయిన్ నడిపే అతనికి ముందే ఒక మాట చెప్పండి: తుప్పు పట్టిన గుండ్రటి గొట్టం లాంటిది తగిలితే బకెట్ కదపకుండా ఇంజిను ఆపేసి దిగిపోవాలని. తర్వాత 112.

ఇంకో చిన్న సంగతి, అడక్కపోయినా. విశాఖలో నేర్చుకుని కొలరాడో వెళ్లిన మొదటి వారం మ్యాపులన్నీ తప్పుగా చదివాను. మన దగ్గర భూ క్షేత్రం దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. అందుకని ఇనప ముక్క నెత్తిన క్షేత్రం తగ్గుతుంది, మ్యాపులో నీలం మచ్చ. దక్షిణం వైపు కాస్త ఎరుపు. కొలరాడోలో క్షేత్రం నిట్టనిలువుకి దగ్గర, నెత్తిన ఎరుపు. నేను నీలం మీద వేలు పెట్టి తవ్వమంటే, అక్కడి పెద్దాయన నవ్వి నా వేలు పట్టుకుని ఎరుపు మీద పెట్టాడు.

డ్రోన్లు, ఏఐ వచ్చాయి కదా. ఇంకా మనుషులు నడవాలా?
— బీటెక్ విద్యార్థి, గుంటూరు

డ్రోనుకి మాగ్నెటోమీటరు వేలాడదీసి పెద్ద మైదానాలు చూస్తున్నారు. పెద్ద బాంబులకు బాగుంది. కానీ ఎనిమిదో వంతు లెక్క మర్చిపోకు. మనిషి నేలకు జానెడు ఎత్తులో తిప్పేదాన్ని డ్రోను ఒకటిన్నర మీటరు ఎత్తున ఎగరేస్తే చిన్న గుండు మాయమైపోతుంది. ఏఐ నా మూడు గీతల్ని నాకంటే వేగంగా చదువుతుంది, కాదనను. ఓక్ చెట్టు దగ్గర ఖాళీని అదీ ఆకుపచ్చ అంటుందేమో చూడు.

లావోస్ టూర్‌లో బాంబు లోహంతో చేసిన చెంచాలు అమ్ముతుంటే కొన్నాం. అక్కడ మీ కొత్త యంత్రాలు ఎందుకు వాడరు?
— రిటైర్డ్ లెక్చరర్ దంపతులు, హనుమకొండ

ఆ చెంచాలు సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో నాపియా అనే ఊళ్లో పోస్తారు. పొలాల్లో దొరికిన అల్యూమినియం కరగబెట్టి మట్టి అచ్చుల్లో.

1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు ఎగిరి ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. అందులో 27 కోట్లు చిన్న గుత్తి బాంబులు, టెన్నిస్ బంతి అంత. అక్కడివాళ్లు ముద్దుగా 'బాంబీ' అంటారు. ముప్ఫై శాతం దాకా పేలలేదని అంచనా. నేను 2014లో ఐదు వారాలు శిక్షణ ఇవ్వడానికి వెళ్లాను. ఇచ్చినదానికంటే పుచ్చుకున్నదే ఎక్కువ.

మా బండికి చదునైన నేల, జీపీఎస్, కరెంటు, కంప్యూటరు ముందు కూర్చునే నాలాంటి మనిషి కావాలి. అక్కడ గట్లు, వెదురు పొదలు, బురద. బాంబీలు పెద్ద లోతులో ఉండవు, జానెడులోపే ఎక్కువ. ఒకే బాంబు డబ్బాలోంచి వందలకొద్దీ రాలతాయి కాబట్టి ఒకటి దొరికితే చుట్టూ గుంపు ఉన్నట్టే. గుంపు హద్దులెక్కడ అన్నదే అసలు ప్రశ్న. దానికి చేతి డిటెక్టరు, ఇద్దరు మోసుకెళ్లే పెద్ద తీగ చట్రం చాలు.

నేను చూసిన బృందంలో అందరూ ఆడవాళ్లే. పొద్దున్నే వరసగా నిలబడి జడపిన్నులు తీసి డబ్బాలో వేసేవారు. నా వంతు వచ్చింది. గాజులు తీశాను, గొలుసు తీశాను, వాచీ తీశాను. నా బూటు పక్కగా డిటెక్టరు పోనిస్తే కీచుమంది. మళ్లీ పోనిచ్చింది, మళ్లీ కీచుమంది. బృందం నాయకురాలు, ఇరవై అయిదేళ్ల పిల్ల, నావైపు అనుమానంగా చూసింది. మెట్టెలు! బురదలో గోనెసంచి మీద కూర్చుని బూట్లు, మేజోళ్లు విప్పి చూపిస్తే అందరూ ఒకటే నవ్వు. పెళ్లయినవాళ్లు పెట్టుకుంటారని సైగలతో చెప్పాను. ఆ పిల్ల వాటిని చేతిలోకి తీసుకుని, డిటెక్టరు మీద పెట్టి, అంకె చూసి, నోటు పుస్తకంలో రాసుకుంది. వెండికి అక్కడ ఏ సంకేతం వస్తుందో ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉండి ఉంటుంది.

మా స్కూలు సైన్యం ఫైరింగ్ రేంజికి దగ్గర. పిల్లలు ఇనప ముక్కలు ఏరి పాత సామాన్లవాడికి అమ్ముతారు. ఏం చెప్పాలి? ఊరి పేరు రాయకండి.
— ఉపాధ్యాయుడు

మాస్టారూ, ఇది మాత్రం పరికరాల సంగతి కాదు. నేను పదిహేడేళ్లు, ఇన్ని తీగచుట్టలు పెట్టుకుని, తవ్వకుండా సరిగ్గా చెప్పలేక చచ్చిన సంగతిని ఒక పదేళ్ల పిల్లాడు కంటితో చూసి చెప్పలేడు. తుప్పు పట్టింది కాబట్టి చచ్చిపోయిందనుకుంటారు. తుప్పు తొడుగుకి పడుతుంది, లోపలి మందు దశాబ్దాలు అలాగే ఉంటుంది. ఫ్యూజు పాతబడేకొద్దీ ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. వానాకాలంలో మట్టి కొట్టుకుపోయి నిరుడు లేనివి ఈ ఏడు తేలతాయి, కాబట్టి పోయినేడాది తిరిగిన దారే అనుకోవద్దు.

పిల్లలకు చెప్పడంతోపాటు కిలోకింత అని కొనే ఆయన్ని ఊరి పెద్దలతో కలిసి కూర్చోబెట్టండి. కొనేవాడు లేకపోతే ఏరేవాడుండడు. కనబడిన చోట ఆగిపోవడం, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావడం, గుర్తు చెప్పడం, పోలీసులకు ఫోను చేయడం. ఈ నాలుగూ గోడమీద బొమ్మలుగా వేయించండి. అక్షరాలు వద్దు.

మా అత్తగారి బంగారు ముక్కుపుడక కొబ్బరితోటలో పడిపోయింది. మీ యంత్రంతో దొరుకుతుందా?
— పాఠకురాలు, అమలాపురం

నా యంత్రంతో దొరకదమ్మా. అంత చిన్న బంగారంలో సుడి ప్రవాహం పుట్టిన వెంటనే చచ్చిపోతుంది. మా ఈఎం-61 బండి 216 మైక్రోసెకన్ల దగ్గర చెవి పెట్టేసరికి అక్కడేమీ మిగలదు. అత్తగారు ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడ తుమ్మారో అడగండి. ఆ మేరకు పైమట్టి రెండు వేళ్ల లోతున తీసి, ఎండబెట్టి, జల్లెడ పట్టండి.